మెరవని దర్జా

ఈ మధ్య పెళ్ళి రిసెప్షన్లకి వెళితే ఒక చిక్కు వచ్చి పడుతోంది. పెళ్ళికొడుకు ఎక్కడున్నాడని వెతకనక్కర్లేదు, వీధి మొగలోంచే కనిపిస్తాడు. అతని మొహం ఎక్కడుందో మాత్రం వెతుక్కోవాలి. మెడ చుట్టూ ముత్యాలు, గుండెల మీద రాళ్ళు, భుజానికో నెమలి, మోచేతులదాకా జరీ తీగలు! పూర్వం ఊరేగింపు కారుని ఇలా అలంకరించి అందులో పెళ్ళికొడుకుని కూర్చోబెట్టేవారు. ఇప్పుడు కారు ప్రసక్తి లేకుండా ఆ అలంకారం అతనికే చేసేస్తున్నారు.

"పెళ్ళికొడుకన్నాక మెరవద్దూ?" అంటారు మీరు. మెరవాలి. మెరవాల్సింది అతనా, అతని చొక్కాయా అన్నదే నా తగువు.

ఈ బేరానికి మన తెలుగువాళ్ళు కూడా పనిగట్టుకుని వెళ్ళేది హైదరాబాదు పాతబస్తీకే. మదీనా దగ్గర దిగి, పత్తర్‌గట్టీ రాతి కమానుల కిందినుంచి చార్మినారు వైపు నడుస్తూంటే కొట్టు కొట్టుకీ బొమ్మలు షేర్వానీలు తొడుక్కుని నిలబడి ఉంటాయి. చాలావాటికి తలలుండవు. ఒకందుకు అదీ సబబే. ఆ బట్టకి తలతో పనిలేదు.

విచిత్రమేమిటంటే, ఏ ఊరు షేర్వానీని ఇంత హుందాగా తొడుక్కుందో ఆ ఊళ్ళోనే దానికీ గతి పట్టింది. షేర్వానీ స్వభావం మెరవడం కాదండీ. మన అంగరఖా పొడుగూ, ఇంగ్లీషువాళ్ళ ఫ్రాక్‌కోటు కత్తిరింపూ కలిసి 19వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న ఉడుపు అది. నిలువు కాలరు, మెడ నుంచి కిందికి ఒకే వరస గుండీలు, మోకాళ్ళు దాటే పొడుగు. అంతే. హైదరాబాదులో దానికి మతం కూడా లేకపోయింది. దర్బారుకీ అదే, కచేరీకీ అదే, కాలేజీకీ అదే. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ తొలిరోజుల గ్రూపు ఫోటో ఏదైనా దొరికితే చూడండి. మెడదాకా గుండీలు పెట్టుకున్న కుర్రాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు. వాళ్ళలో జాగీర్దారు కొడుకెవరో, గుమాస్తా కొడుకెవరో చెప్పడం కష్టం. అది ఏలినవారి దర్బారు బట్ట, అందరూ మనసారా తొడుక్కున్నారని నేననను. కాని ఆ ఫోటోలో మనకి మొహాలు గుర్తుంటాయి. రేపు మన పెళ్ళి ఆల్బములు చూసేవాళ్ళకి ఏం గుర్తుంటుందో ఆలోచించుకోండి.

సాదా బట్ట అంటే శ్రమలేని బట్ట అని మనకో అపోహ. దర్జీని అడిగి చూడండి. నల్లటి ఉన్నిగుడ్డ మీదా, మీగడరంగు సిల్కు మీదా తప్పు దాచుకోవడానికి చోటుండదు. భుజం దగ్గర ఒక్క ముడత పడితే అందరి కళ్ళూ అక్కడే. కాలరు లోపల బక్రం సరిగ్గా కూర్చోకపోతే మనిషి మెడ పట్టేసినవాడిలా తిరుగుతాడు. గుండీల వరస పొట్ట దగ్గర లాక్కోకూడదు, ఛాతీ దగ్గర సంచిలా వేలాడకూడదు. అందుకని కొలతలు తీసి, కచ్చాకుట్టు వేసి, తొడిగి చూసి, విప్పి, మళ్ళీ కుట్టి, కాజాలు చేత్తో పూర్తిచేసి... ఇదంతా అయ్యాక చూసేవాడికి "ఏముందీ, మామూలు కోటేగా!" అనిపిస్తుంది. అలా అనిపించడమే ఆ పనితనం. రాళ్ళ షేర్వానీకి ఈ బాధ లేదు. ముడత పడ్డచోట ఇంకో నెమలిని కూర్చోబెడితే సరి.

నాకు జర్దోజీ మీద కోపమని అనుకోకండి. పాతబస్తీ సందుల్లో మగ్గం చట్రం మీద గుడ్డ బిగించి, రోజంతా నడుం వంచుకుని సూదితో బంగారుతీగ కుట్టే చేతులకి నేను దండం పెడతాను. అసలైన జర్దోజీ కాలరు పట్టీ మీదా, మణికట్టు దగ్గరా నాలుగు వేళ్ళ వెడల్పున ఉంటే దాని అందం దానిదే. ఇప్పుడు బొమ్మల మీద కనిపించేవాటిలో చాలామటుకు మిషను కుట్టూ, జిగురుతో అంటించిన రాళ్ళూను. విందులో కౌగలించుకున్నవాళ్ళ చీరలకి ఆ రాళ్ళు అంటుకొచ్చిన సందర్భాలు మీకూ తెలిసే ఉంటాయి. ఆ జిగురు పని ఇటు మంచి దర్జీ నోరూ కొట్టింది, అటు మంచి జర్దోజీ పనివాడి నోరూ కొట్టింది.

మొన్నొకసారి మా బంధువులావిడకి తోడుగా పత్తర్‌గట్టీ వెళ్ళాను. పిల్లవాడు పాపం మీగడరంగు సాదా షేర్వానీ ముందు నిలబడి, "అమ్మా, ఇది బాగుంది" అన్నాడు. ఆవిడ ఆ గుడ్డని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఇదేమిట్రా, బోసిగా! మనకేం తక్కువైందని అనుకుంటారు నలుగురూ?" అంది. కొట్టతను సమయం చూసి అందుకున్నాడు. "దూల్హా అంటే ఒక్కరోజు బాద్షా కదమ్మా!" అని మెరుపుల బీరువా తెరిచాడు. పిల్లవాడు నోరు మూసుకున్నాడు.

బాద్షా మాట వచ్చింది కనక, ఆ కొట్టుకి పెద్ద దూరం లేని పురానీ హవేలీకి వెళ్ళి చూడండి. 1869 నుంచి 1911 దాకా గద్దె మీదున్న ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా అక్కడుంది. బీరువా అంటే మన గోద్రెజ్ బీరువా కాదు. భవనంలో ఒక పక్కంతా పరుచుకున్న రెండంతస్తుల కొయ్య కట్టడం. పై అంతస్తు బట్టల కోసం చేత్తో తిప్పే కొయ్య లిఫ్టు కూడా! వేసిన బట్ట మళ్ళీ వేసేవాడు కాదని చెప్పుకుంటారు. కొడుకు ఉస్మాన్ అలీఖాన్ ఇందుకు పూర్తి విరుద్ధం. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రం వేసిన ఆ మనిషి నలిగిన షేర్వానీ, పాత టోపీలతోనే కాలక్షేపం చేశాడని కథలు కథలుగా చెబుతారు. నాకు ఇద్దరూ నచ్చరు. ఒకాయన బట్టలకే ఒక మేడ కట్టాడు, రెండో ఆయన మాసిన బట్టతోనే పేరు మోశాడు. నేను చెప్పే సాదాతనం ఆ మాసిన కాలరు కాదు. శుభ్రంగా, ఒంటికి అమరి, తనని చూడమని అరవని బట్ట.

"మీరు మాత్రం కంచిపట్టు కట్టుకుని వాళ్ళని మెరవద్దంటారేం?" అని నా మీదికి రావచ్చు. రండి. చీర దగ్గర మనకున్న తెలివే షేర్వానీ దగ్గర ఏమైపోతోందని నేనడుగుతున్నాను! మంచి కంచిపట్టులో జరీ అంచులోనూ, పైటచెంగులోనూ ఉంటుంది. ఒంటి భాగం ఒకే రంగులో నెమ్మదిగా ఉంటుంది. కంటికి విశ్రాంతి కావాలని ఆ నేతగాడికి తెలుసు. ఒళ్ళంతా బుటాలూ రాళ్ళూ ఉన్న చీర చూపిస్తే, "అబ్బే, గాడీగా ఉంది, తీసెయ్యండి" అనేది మనమే కదా? అదే నోటితో కొడుక్కి నెమళ్ళు బేరమాడతాం.

ఇంకో ప్రశ్న అంత తేలికైంది కాదు. ఫ్లూగెల్ అనే మనస్తత్వవేత్త 1930లో బట్టల మీద ఒక పుస్తకం రాశాడు. 18వ శతాబ్దం చివర ఐరోపా మగవాళ్ళు తళుకుబెళుకులు ఒదులుకుని ముదురురంగు కోట్లలోకి వెళ్ళిపోయారనీ, సింగారమంతా ఆడవాళ్ళకి ఒదిలేశారనీ అంటాడు. అంటే మొగుడు నిరాడంబరుడిగా పేరు తెచ్చుకుంటాడు, అతని ఐశ్వర్యం పెళ్ళాం మెడలో వేలాడుతుంది! మన దగ్గర ఇంకో మెలిక కూడా ఉంది. మల్లెపువ్వులాంటి తెల్లపంచె, లాల్చీ వేసుకుని "నాకు ఆడంబరం గిట్టదు" అనే పెద్దమనిషిని చూసి మురిసిపోతాం. ఆ తెలుపుకి నీలిమందు పెట్టిందెవరు? గంజి వార్చిందెవరు? ఇస్త్రీ మడత నలక్కుండా అందించిందెవరు? సాదాతనం తన సొంత సొత్తని చెప్పుకునే మగవాడు ముందు తన చొక్కా తను ఉతుక్కుని చూపించాలి. అప్పుడు నమ్ముతాను. (ముదురురంగు ఉన్ని షేర్వానీని రోజూ ఉతకనక్కర్లేదు, బ్రష్షుతో దులిపితే చాలు. దాని మీద నా అభిమానానికి ఇదీ ఒక కారణమేనని ఒప్పుకోవాలి.)

అసలు నా గొంతు పెరిగేది బిల్లు దగ్గర. ఈ తళుకుల షేర్వానీకి డబ్బు కట్టేదెవరు? చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ ఆడపిల్లవాళ్ళే. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది కదా అంటారా? షేర్వానీని ఎవరూ కట్నమనరు. అది "లాంఛనం"! "మాకేమీ వద్దండీ, అబ్బాయి బట్టలు మాత్రం మా హోదాకి తగ్గట్టు చూడండి" అంటారు వియ్యాలవారు. ఒక్క రాత్రి మూడు గంటలు తొడిగే ఆ బరువుకి పిల్ల తండ్రి వేలకి వేలు పోయాలి. మర్నాటినుంచి అది ప్లాస్టిక్ సంచిలో బీరువా పైన. మళ్ళీ ఎక్కడికి వేసుకెళతాడూ? ఆఫీసుకా? పేరంటానికా? సాదా షేర్వానీ అయితే తమ్ముడి పెళ్ళికీ పనికొస్తుంది, పండక్కీ పనికొస్తుంది, పదేళ్ళ తర్వాత నడుము ఒప్పుకుంటే షష్టిపూర్తి చేసుకునే మామగారి పక్కన నిలబడ్డానికీ పనికొస్తుంది.

ఆ పెళ్ళికొడుకే, రిసెప్షనుకి ముందో వెనకో, ముహూర్తం వేళ మధుపర్కాలు కట్టుకుని పీటల మీద కూర్చుంటాడు. తెల్లటి నూలుబట్ట, సన్నటి ఎర్రంచు. పెళ్ళికూతురికీ అదే, అతనికీ అదే. ఒక్క రాయి లేదు, ఒక్క నెమలి లేదు. ఆ క్షణంలో అతన్ని చూసి "బోసిగా ఉన్నాడు" అన్న తల్లిని నేనింతవరకు చూడలేదు.

వచ్చే ముహూర్తాలకి మీరెలాగూ పత్తర్‌గట్టీ వెళతారు. బొమ్మ మీదున్నది కాక, మడతపెట్టిన సాదాది ఒకటి తీయించండి. పైన చూడకండి, తిరగేసి లోపల చూడండి. అస్తరు పైగుడ్డతో కలిసి పడుతోందా, కాజాల చుట్టూ దారాలు పోగులు లేస్తున్నాయా, రేపు పిల్లవాడు లావెక్కితే ఒదులు చెయ్యడానికి కుట్టు లోపల గుడ్డ మిగిల్చారా చూడండి. కొట్టతను మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి. పక్కనున్న పిల్లవాడిని "నీకేది నచ్చిందిరా?" అని అడగండి, వాడు చెప్పేదాకా ఆగండి.