చలి తగ్గింది, కట్టెలకు ఇక సెలవు ఇద్దాం

ఫిబ్రవరి నెలాఖరుకల్లా శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ప్లమ్ చెట్లు పూస్తాయి. పొద్దున్నే స్వెటర్ వేసుకుని బడికి వెళ్లిన పిల్లలు మధ్యాహ్నానికి దాన్ని నడుముకు చుట్టుకుంటారు. ఇళ్లలో ఫైర్‌ప్లేస్ వెలిగించే కాలం కూడా ఇక్కడ ఇంచుమించు అప్పుడే ముగుస్తుంది. కొందరు మిగిలిన కట్టెలను వచ్చే చలికాలానికి దాచుకుంటారు. నేనైతే దాచొద్దంటాను. ఇంట్లో హీటర్ ఉన్నవాళ్లు సరదా కోసం కట్టెలు కాల్చడం పూర్తిగా మానేస్తే మంచిదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, వినండి.

మొదటి సంగతి, ఇక్కడి చలి. శాన్ హోసేలో జనవరిలో కూడా పగలు దాదాపు 15 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, రాత్రి 5 డిగ్రీల దగ్గరికి వస్తుంది. ఇది మంచు గడ్డకట్టే చలి కాదు. దుప్పటి, సాక్సు, కాసేపు హీటర్ ఉంటే చాలు.

రెండోది, ఫైర్‌ప్లేస్ పనితీరు. దాని ముందు కూర్చుంటే మొహం వెచ్చగా ఉంటుంది, కానీ వీపు చల్లగానే ఉంటుంది. గమనించారా? మంట మండాలంటే గాలి కావాలి. ఆ గాలిని అది మీ గదిలోంచే లాక్కుంటుంది. అప్పటికే వెచ్చబడిన గాలి పొగగొట్టంలోంచి పైకి పోతుంది. దాని బదులు కిటికీ సందుల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. అంటే కట్టెలు కాలుతున్నా ఇల్లంతా వెచ్చబడదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. అదే పొగ. కట్టెల పొగలో చాలా సన్నని నుసి ఉంటుంది. అందులో 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు ఉంటాయి. మన తల వెంట్రుక మందంలో అది సుమారు ముప్పయ్యో వంతు. అంత చిన్నది కాబట్టి ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్తుంది. పిల్లలు తమ బరువుతో పోల్చి చూస్తే పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు. ఆస్తమా ఉన్న పిల్లలకైతే ఆ రాత్రి నిద్రే పట్టదు.

పొగ పైకి పోతుంది కదా అంటారా? చలికాలపు రాత్రుల్లో అలా జరగదు. నేల దగ్గర చల్లగాలి, దాని పైన వెచ్చటి గాలి ఉంటాయి. ఆ వెచ్చటి గాలి కుండ మీద మూతలా పనిచేస్తుంది. పొగ దాన్ని దాటి పోలేక మన వీధిలోనే తిరుగుతుంది. ఒక ఇంటివాళ్లు వెలిగించిన మంట పొగను పది ఇళ్లవాళ్లు పీలుస్తారు. వాళ్లను ఎవరూ అడగలేదు కదా!

అందుకే బే ఏరియాలో 2008లో ఒక నియమం పెట్టారు. గాలి బాగా చెడిపోయిన రోజుల్లో హెచ్చరిక ఇస్తారు. ఆ రోజు కట్టెలు కాల్చకూడదు. మొదట్లో ఇది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే ఉండేది. కార్చిచ్చుల పొగ ఎక్కువయ్యాక, 2019లో దీన్ని ఏడాది పొడవునా అమలు చేశారు. మంచి పనే. కానీ హెచ్చరిక వచ్చినరోజే పక్కింటివాళ్ల గురించి ఆలోచిస్తే సరిపోతుందా?

అసలు మన ఊళ్లలో కట్టెల పొయ్యి మీద వండుకోలేదా అని మీరు అడగొచ్చు. వండారు. మీ అమ్మమ్మనో, నాయనమ్మనో ఫోన్‌లో అడిగి చూడండి. గొట్టంతో ఊదుతూ, కళ్లు తుడుచుకుంటూ వండిన రోజుల గురించి చెప్తారు. వాళ్లకు అది సరదా కాదు, వేరే దారి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, దేశమంతటా 2016లో వచ్చిన ఉజ్వల పథకం పేద ఇళ్లలోని ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చాయి. వాళ్లు ఆ పొగ నుంచి బయటపడాలని అంత ప్రయత్నం జరిగింది. మనం మాత్రం కావాలని పొగ పెట్టుకోవడం ఏం బావుంటుంది?

మరి భోగిమంట? అది సరిగ్గా జనవరి మధ్యలో వస్తుంది. నేను దాన్ని మానేయమనను. ఏడాదికి ఒక్కసారి అందరూ కలిసి చిన్న మంట వేసుకుంటే చాలు. ఎండిన కట్టెలే వేయాలి. రంగు వేసిన పాత కుర్చీలు, ప్లాస్టిక్ సామాన్లు వేయకూడదు. హెచ్చరిక ఉన్నరోజైతే దీపాలు పెట్టి, భోగిపళ్లు పోసుకుని పండగ చేసుకోవచ్చు. మంట తగ్గినంత మాత్రాన పండగ తగ్గదు.

ఒక్క మాట మరిచిపోకూడదు. కొండప్రాంతాల్లో కొన్ని ఇళ్లకు కట్టెల స్టవ్ తప్ప వేరే వేడి ఉండదు. వాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. నేను చెప్పేది వేరే దారి ఉన్నవాళ్ల గురించే.

ఈ మార్చిలో మీ ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడండి. బూడిదను వాళ్లనే తీయమనండి. దాని అడుగున నిప్పు రోజుల తరబడి ఉండొచ్చు, అందుకే మూత ఉన్న ఇనప డబ్బాలో పోసి ఇంటికి దూరంగా పెట్టాలి. నిప్పు పూర్తిగా చల్లారాక పొగగొట్టం లోపలి మూత వేసేయమనండి. ఆ తర్వాత మెల్లగా అడగండి: "నాన్నా, వచ్చే నవంబరులో మనకు కట్టెలు కొనడం అవసరమా?"

మాటలు తెలుసుకుందాం
నుసి: చాలా సన్నని పొడి
పొగగొట్టం: పొగ బయటికి పోయే దారి
కార్చిచ్చు: అడవిలో చెలరేగే మంట

మీరేమంటారు?
1. రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? రెండు కారణాలు రాయండి.
2. మీ ఇంట్లో పెద్దవాళ్లను కట్టెల పొయ్యి గురించి అడిగి, వాళ్లు చెప్పింది ఐదు వాక్యాల్లో రాయండి.