గూళ్లు ఉడకాలంటే చాలినంత కరెంటు ఇవ్వాలి

హిందూపురం వైపు పట్టుగూళ్ల నుంచి పోగు తీసే రీలింగ్ షెడ్లలో కట్టెల పొయ్యి తీసేసి కరెంటు పెట్టుకోవచ్చు కదా అంటే తరచూ ఎదురయ్యే జవాబు ఒకటే: హీటరుతో నీళ్లు వేడెక్కుతాయి గానీ తెర్లవు, గూడు సరిగా ఉడకదు. ఈ మాటను కొట్టిపారేయడానికి లేదు. చిన్న హీటరు పెట్టి, మూతలేని తొట్టిలో, వోల్టేజీ పడిపోయే లైను మీద ప్రయత్నించేవారికి అలాగే అవుతుంది. అయితే అందులో తప్పు కరెంటుది కాదు. నీళ్లు మరగడానికి ఎంత శక్తి కావాలో లెక్క కట్టకుండా పని మొదలుపెట్టడంలో ఉంది. ఆ లెక్క సరిచేస్తే కట్టెల కన్నా మెరుగైన ఉడుకు కరెంటుతోనే వస్తుంది. దానికి కావలసిన కనెక్షను, సామగ్రి చిన్న రీలర్లకు అందించే బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలి.

గూడు ఉడకడంలోనే రీలరు లాభనష్టాలు తేలిపోతాయి. పట్టుపోగును గూడుగా అతికి ఉంచేది సెరిసిన్ అనే జిగురు. గూటిలోని పట్టు బరువులో దాదాపు నాలుగో వంతు అదే. మరిగే వేడికి దగ్గరగా ఉన్న నీళ్లలో కొద్ది నిమిషాలు ఉంచితేనే అది మెత్తబడి పోగు కొస దొరుకుతుంది, తెగకుండా విడివడుతుంది. ఉడుకు తక్కువైతే పోగు మాటిమాటికీ తెగుతుంది, ఎక్కువైతే పైపొరలు చిక్కుపడి వ్యర్థంలోకి పోతాయి. కిలో ముడిపట్టు తీయడానికి సుమారు ఏడు కిలోల గూళ్లు పడతాయి కాబట్టి, వ్యర్థం కాస్త పెరిగినా రీలరు చేతికి వచ్చేది కరిగిపోతుంది. అసలు చిక్కు ఇంకోటి ఉంది. మరుగుతున్న తొట్టిలో చల్లటి గూళ్లు గుమ్మరించగానే నీళ్ల వేడి ఒక్కసారిగా దిగుతుంది. దాన్ని ఎంత త్వరగా మళ్లీ పైకి తేగలిగితే ఉడుకు అంత సమంగా ఉంటుంది. పొయ్యిలోకి నాలుగు కట్టెలు ఎక్కువ తోసే వెసులుబాటు ఉంది కనుకే రీలర్లు కట్టెలను వదలడం లేదు. ఆ వెసులుబాటు కరెంటు పొయ్యికీ ఉండాలి.

వంద లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి 98 డిగ్రీలకు తేవాలంటే దాదాపు ఎనిమిది యూనిట్లు కావాలి. రెండు కిలోవాట్ల హీటరుతో, ఏ నష్టమూ లేదనుకున్నా, అది నాలుగు గంటల పని. నష్టం లేకుండా ఉండదు. ఒక్క లీటరు ఆవిరైపోతే పోయే వేడితో ఎనిమిది లీటర్ల చల్లటి నీటిని మరిగే దాకా తేవచ్చు. వెడల్పాటి తొట్టి మూత లేకుండా ఉంటే, 80, 90 డిగ్రీలు దాటాక హీటరు ఇచ్చే వేడంతా ఆవిరిలోనే పోతూ ఉంటుంది, చిల్లికుండలో నీళ్లు పోసినట్టు. ఇక ఎన్ని గంటలు ఉంచినా నీళ్లు మరగవు. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకూ ఇదే ఇబ్బంది. అక్కడి మామూలు 120 వోల్టుల ప్లగ్గు నుంచి రెండు కిలోవాట్లైనా రావు, ఇరవై ముప్పై లీటర్ల పాత్ర సలసల మరగాలంటే అది చాలదు. అందుకే వాళ్లు 240 వోల్టుల లైను వేయించుకుంటారు, పాత్రకు ఉన్నిపొర చుడతారు. కరెంటు పనికిరాదని పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్లడం ఒక్కటే దారి కాదని ఆ అనుభవం చెబుతోంది.

మన దగ్గర వోల్టేజీ సంగతి ఇంకా ముఖ్యం. హీటరు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తే రెండు కిలోవాట్ల హీటరు 1,200 వాట్ల హీటరుగా మారిపోతుంది. వోల్టేజీ ఐదో వంతుకు కాస్త పైగా తగ్గితే వేడి దాదాపు ఐదింట రెండు వంతులు పోయినట్టు. పైగా హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. థర్మోస్టాట్‌ను నూటికి పెట్టి కూర్చుంటే అది ఎన్నటికీ ఆగదు, తొట్టి ఎండుతుంది, బిల్లు పెరుగుతుంది. ఇక లోతు బోర్ల ఉప్పునీళ్లు. హీటరు కడ్డీ మీద సున్నపు పొర పేరుకుంటే వేడి నీళ్లలోకి దిగదు, కడ్డీ లోలోపలే మాడిపోతుంది. నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో తరచూ కడగాలి. వీలైనచోట వాననీరు పట్టుకుంటే కడ్డీకే కాదు, పట్టు మెరుపుకూ మంచిది.

ఖర్చు భరించలేమన్న అభ్యంతరం గట్టిదే. ఎండిన కట్టె కిలోలో నాలుగు యూనిట్లకు పైగా వేడి ఉన్నా, మామూలు పొయ్యి మీద నీళ్లకు చేరేది అందులో ఎనిమిదో వంతు, అంటే అర యూనిట్ అనుకోవచ్చు. మూత, పొర ఉన్న తొట్టిలో యూనిట్ కరెంటులో తొంభై శాతం నీళ్లకే చేరుతుంది. అంటే ఒక యూనిట్ దాదాపు రెండు కిలోల కట్టెలకు సమానం. రెండు కిలోల కట్టెలకు ఏం పెడుతున్నారో, యూనిట్‌కు బిల్లులో ఏం పడుతోందో ప్రతి రీలరూ పక్కపక్కన వేసి చూసుకోవాలి. కట్టె ఇంకా చౌకగా దొరికే చోట కరెంటు ఓడిపోవచ్చు, ఒప్పుకోవాలి. కానీ ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో ఆ చౌక ధరను చెట్లు మోస్తున్నాయి. పొద్దంతా పొగలో కూర్చుని, వేడినీళ్లలో వేళ్లు పెట్టి పోగు కొసలు వెతికే ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ మోస్తున్నాయి. వాళ్ల ఆరోగ్యాన్ని పక్కనపెట్టి కట్టె చౌక అనడం న్యాయం కాదు.

కరెంటు పోతే ఎలా అని మరో ప్రశ్న. పొర చుట్టిన తొట్టి చాలాసేపు వేడి నిలుపుతుంది, అంతకు మించిన కోతలకు పాత పొయ్యిని పడగొట్టకుండా ఉంచుకోవచ్చు. కరెంటు కూడా బొగ్గుతోనే కదా తయారవుతోంది అన్న మాటా నిజమే, రాష్ట్ర విద్యుత్తులో దాని వాటా ఇప్పటికీ పెద్దది. కానీ రీలింగ్ ప్రధానంగా పగటి పని, ఎండ కరెంటు వచ్చేదీ అప్పుడే. ఈ సీమలోని ఎన్పీ కుంటలో 2016లోనే ఎన్టీపీసీ 250 మెగావాట్ల సౌర విద్యుత్తు మొదలుపెట్టింది. రామగిరి గుట్టల మీద గాలిమరలు అంతకు ముందు నుంచే తిరుగుతున్నాయి. దేశానికి ఎండనూ గాలినీ కరెంటు చేసి పంపే సీమలో గూళ్లు ఉడికించడానికి కంపచెట్లు కొట్టడం ఎంతమాత్రం సబబు కాదు. మిద్దె మీద సోలార్ వాటర్ హీటరు పెట్టి నీళ్లను ముందే 60 డిగ్రీలకు తెచ్చుకుంటే కాచే పనిలో నలభై శాతానికి పైగా ఎండే చేసిపెడుతుంది, మిగిలినదే కరెంటు మీద పడుతుంది.

పట్టు పరిశ్రమ కోసం కేంద్రం తెచ్చిన సిల్క్ సమగ్ర-2 పథకం ఆటోమేటిక్ రీలింగ్ యంత్రాలకు సాయం ఇచ్చింది, మంచిదే. కానీ అంత పెట్టుబడి పెట్టలేని చరఖా, బేసిన్ రీలర్లకు ముందు కావలసింది సరైన ఉడుకు. విద్యుత్తు పంపిణీ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్ చిన్న రీలింగ్ యూనిట్లకు మూడు ఫేజుల కనెక్షను, దానికి తగ్గ లోడు డిపాజిట్ భారం లేకుండా ఇవ్వాలి. పట్టుపరిశ్రమ శాఖ మూత, ఉన్నిపొర, తగిన కిలోవాట్ల హీటరు ఉన్న తొట్టిని సబ్సిడీ జాబితాలో చేర్చి, హిందూపురం గూళ్ల మార్కెట్ దగ్గరే ఒక నమూనా షెడ్డు నడిపించాలి. గూళ్లు అక్కడే ఉడికించి, పోగు తీసి, కరెంటు బిల్లుతో సహా రీలర్ల ముందు పెట్టాలి.