చీటీ వెనుక బేరము

వైద్యుడు వ్రాసియిచ్చు చీటీ రోగి మేలు కొఱకే వ్రాయబడవలెను. దాని వెనుక పరీక్షాశాలవారి కవరున్నచో అది వైద్యము కాదు, బేరము. ‘రెఫరల్ ఫీజు’ అనినను, ‘మార్కెటింగ్ ఖర్చు’ అనినను దాని స్వభావము మారదు.

2017లో బెంగుళూరునందు ఆదాయపు పన్ను శాఖవారు కొన్ని పరీక్షాకేంద్రములను, సంతాన సాఫల్య కేంద్రములను సోదాచేసి, ఎం.ఆర్.ఐ. పరీక్షకు 35 శాతము, సి.టి. స్కానునకు 20 శాతము చొప్పున వైద్యులకు ముట్టుచున్నదని ప్రకటించిరి. ఆ సొమ్ము ఎవరిది? మంచముపట్టిన రోగిది గాక మఱెవరిది?

‘ఇది లోకాచారమే గదా’ యని సమాధానపడువారు కలరు. లోకాచారము చట్టమగునా? నేటికిని అమలులోనున్న 2002 నాటి భారత వైద్యమండలి నియమావళి, 6.4 నిబంధనలో, రోగిని పంపినందుకు ప్రతిఫలము ఇచ్చుటను, అడుగుటను, పుచ్చుకొనుటను వైద్యులకు నిషేధించినది. పరీక్షలకు పంపుటకును ఇది వర్తించును. అతిక్రమించిన వైద్యుని పేరు రిజిస్టరునుండి తొలగింపబడవచ్చును.

‘మేము వైద్యులము కాము, ల్యాబు యజమానులము’ అనువారికిని క్షేమము లేదు. వైద్యులకిచ్చిన కమీషనును వ్యాపారపు ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకొనరాదని పంజాబు, హర్యానా హైకోర్టు 2010లో తీర్పుచెప్పెను. ఔషధ కంపెనీలు వైద్యులకిచ్చు కానుకల విషయమునను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 22న అట్లే నిర్ణయించెను. ఒప్పందపత్రము కలదను ధీమాయు వ్యర్థమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 23వ సెక్షను ప్రకారము, ప్రజాహితమునకు విరుద్ధమైన ఒడంబడిక చెల్లదు. వాటా ఎగవేసిన భాగస్వామిపై దావా వేయుటకైనను దారి లేదు.

ఇక మన మాట. తరతరములుగా అన్యభాషా ప్రాంతములందు కాపురముండు మనకు ‘మన తెలుగు డాక్టరు’ అను పలుకే కొండంత అండ. ఆ నమ్మకమును పెట్టుబడిగా పెట్టి వాటాలు పంచుకొనువాడు, పరాయివానికంటె మనకు ఎక్కువ ద్రోహము చేయుచున్నాడు.

కనుక పాఠకులారా! పరీక్ష ఎందుకని అడుగుడు. ఫలానా చోటనే చేయించవలెనన్నచో కారణమడుగుడు. ప్రతి రూకకును రసీదు పుచ్చుకొనుడు. అక్రమము కనబడినచో రాష్ట్ర వైద్యమండలికి వ్రాతమూలముగా ఫిర్యాదు చేయుడు. మనవాడని ఉపేక్షించితిమా, నిజాయితీగా వైద్యము చేయు మనవారికే అపకీర్తి తెచ్చినవారమగుదుము.