జబ్బుపడిన బిడ్డ: ఏ వయసులో ఏ భయం? ఏ ఓదార్పు?

ఈ వారం ఒక తల్లి రాసిన ఉత్తరంతో మొదలుపెడతాను.

"మా బాబుకు రెండున్నరేళ్లు. న్యుమోనియా వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంట్లో నాలుగు నెలల పసిపాప ఉంది కనుక రాత్రిళ్లు మా ఆడపడుచును వాడి దగ్గర ఉంచి, వాడు నిద్రపోగానే చెప్పకుండా ఇంటికి వచ్చేసేదాన్ని. మొదటి రెండు రాత్రులూ మెలకువ వచ్చి, నేను కనబడక గొంతు పోయేలా ఏడ్చాడట. తరువాత ఏడుపు మానేశాడు. 'ఇప్పుడు బుద్ధిమంతుడయ్యాడు' అని నర్సులు కూడా మెచ్చుకున్నారు. జబ్బు తగ్గింది. కాని ఇంటికి వచ్చి పది రోజులైనా వాడు మునుపటి పిల్లవాడిలా లేడు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. నేను పెరట్లోకి వెళ్లినా కొంగు వదలడు. ఒక్కొక్కప్పుడు ఎత్తుకోబోతే మొహం తిప్పేసుకుంటాడు. గారాబం ఎక్కువైంది, రెండు తగిలించమని మా అత్తగారు అంటారు. మందుల వేడి తలకెక్కిందేమోనని మా వారి అనుమానం. ఏం చేయమంటారు?"

అమ్మా! ముందు మీ వారి అనుమానం తీరుస్తాను. మందులు వేడిచేసి తలకెక్కడమనేది లేదు. మీ అత్తగారి సలహా మాత్రం దయచేసి పాటించకండి. బాబు చేస్తున్నది మారాం కాదు. రెండున్నరేళ్ల బిడ్డకు తల్లి కనబడకపోవడం ఎంత పెద్ద విషయమో వాడు తనకు తెలిసిన పద్ధతిలో చెబుతున్నాడు.

బుద్ధిమంతుడా, బెంగపడ్డవాడా?

మీ బాబు ఏడుపు మానేయడం అలవాటు పడటం కాదు. ఈ సంగతి వైద్యులకు కూడా చాలాకాలం తెలియలేదు. పూర్వం ఇంగ్లండు ఆసుపత్రులలో తల్లిదండ్రులను పిల్లల వార్డులోకి ఎప్పుడో ఒకసారి మాత్రమే రానిచ్చేవారు. వాళ్లు వచ్చి వెళితే పిల్లలు ఏడుస్తారు కనుక రాకపోవడమే మేలని అనుకునేవారు. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆసుపత్రిలో ఎనిమిది రోజులు గడిపిన రెండేళ్ల పాపను సినిమా తీసి, 1952లో వైద్యులకు చూపించాడు. తల్లికి దూరమైన పసివాళ్లు మొదట గట్టిగా ఏడ్చి ఎదురు తిరుగుతారనీ, తరువాత ఆశ వదులుకుని స్తబ్ధుగా అయిపోతారనీ, ఆ పైన తల్లి వచ్చినా పట్టనట్లు ఉంటారనీ ఆయన గమనించాడు. వార్డులో అందరూ మెచ్చుకునే "మంచి పిల్లవాడు" చాలాసార్లు రెండో మెట్టు మీద ఉన్నవాడే. 1959లో అక్కడి ప్రభుత్వానికి ప్లాట్ కమిటీ ఇచ్చిన నివేదిక తల్లిదండ్రులను వేళలతో నిమిత్తం లేకుండా రానివ్వాలనీ, చిన్నపిల్లల దగ్గర తల్లి ఉండే వీలు కల్పించాలనీ సిఫారసు చేసింది.

మన దేశంలో తల్లి బిడ్డ పక్కనే ఉండటం సాధారణమే. అయినా ఇంట్లో మరో పసిబిడ్డ ఉన్నప్పుడో, పిల్లవాడు ఐ.సి.యు.లో ఉన్నప్పుడో ఎడబాటు తప్పదు. అందుకే బిడ్డ ఏ వయసులో దేనికి భయపడతాడో నర్సుతోపాటు తల్లిదండ్రులకూ తెలియాలి.

వయసుకు తగిన సేవ

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు పంచే ఆచారం మనకు ఉంది. పెరుగుదలలో మెట్లుంటాయని మన పెద్దలకు తెలుసు. పిల్లల నర్సు కూడా ఈ మెట్లను చూసే పని చేస్తుంది. బోర్లా పడే బిడ్డ ఉన్న మంచానికి కటకటాలు ఎత్తి ఉంచుతుంది. తొమ్మిది, పది నెలల బిడ్డ రెండు వేళ్లతో చిన్న వస్తువులను పట్టి నోట్లో పెట్టుకుంటాడు కనుక పక్కమీద మాత్రలూ, సూది మూతలూ లేకుండా చూస్తుంది. శరీరం లాగే మనసుకూ మెట్లున్నాయి.

పుట్టినది మొదలు ఆరు నెలల వరకు: ఈ వయసు బిడ్డకు స్పర్శ, గొంతు, పాలు, ఇవే ఓదార్పు. ఏడ్చినప్పుడు ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం కుదరవలసిన కాలమిది. టీకా వేసేటప్పుడు బిడ్డను బల్లమీద పడుకోబెట్టి అదిమి పట్టడం కన్నా, తల్లి ఒళ్లో ఉంచుకుని పాలిస్తుండగా వేయడం మంచిది. నొప్పి తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఈ పద్ధతినే సిఫారసు చేసింది. నెలలు నిండకుండా పుట్టి ప్రత్యేక వార్డులో ఉన్న పసికందుల సేవలో తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి పాల్గొనేట్లు చేయాలని మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. కనుక అటువంటి వార్డులో బిడ్డ ఉంటే "మేము ఎప్పుడు రావచ్చు, ఏం చేయవచ్చు?" అని అడగడానికి మొహమాటపడకండి.

ఏడెనిమిది నెలల నుంచి మూడేళ్ల వరకు: ఎడబాటు ఎక్కువగా బాధించే వయసు ఇదే. కంటికి కనబడనిది కూడా ఎక్కడో ఉంటుందని బిడ్డ నెమ్మదిగా నేర్చుకుంటాడు. మీరు కొంగు చాటున మొహం దాచుకుని దోబూచులాడితే బిడ్డ పకపకా నవ్వేది ఇందుకే. అయితే క్షణం సేపు దాగిన అమ్మ వేరు, రాత్రంతా కనబడని అమ్మ వేరు. నిద్రపోయాక చెప్పకుండా వెళ్లిపోతే బిడ్డకు నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. ఏడ్చినా సరే చెప్పే వెళ్లాలి. "ఎనిమిదింటికి వస్తా" అంటే ఈ వయసులో అర్థం కాదు. "నువ్వు లేచి పాలు తాగేసరికి వస్తా" అంటే అర్థమవుతుంది. చెప్పిన వేళకు తప్పక రండి. మీరు కట్టి విడిచిన చీర, వాడికి ఇష్టమైన దుప్పటి, బొమ్మ దగ్గర ఉంచండి. అన్నాన్ని, నీళ్లను, ఒంటికి పోసుకోవడాన్ని మీ వాడు ఏ మాటతో చెబుతాడో కాగితం మీద రాసి నర్సుకు ఇవ్వండి. "బువ్వ" వంటి మాట అందరికీ తెలిసినా, మీ ఇంట్లో మాత్రమే చెలామణి అయ్యే మాటలు కొన్ని ఉంటాయి కదా!

ఈ వయసులోనే పిల్లవాడు "నేనే చేస్తా" అంటాడు. మందు తాగుతావా అని అడగకండి. తాగనంటే ఏం చేస్తారు? "మందు గ్లాసుతో తాగుతావా, చెంచాతో తాగుతావా?" అని అడగండి. కొలత మాత్రం మందుతో వచ్చిన కొలపాత్రతోనే చూడాలి. ముక్కు మూసి మందు పోయడం ప్రమాదం. ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మందును చాక్లెట్ అని చెప్పడం అంతకన్నా ప్రమాదం. రేపు మీరు లేనప్పుడు ఆ చాక్లెట్లన్నీ తినేస్తాడు.

మూడు నుంచి ఆరేళ్ల వరకు: మాటలు బాగా వచ్చిన ఈ పిల్లలకు అన్నీ అర్థమవుతాయని పెద్దలు పొరబడతారు. వాళ్లు మాటను ఉన్నదున్నట్లు తీసుకుంటారు. "రక్తం తీస్తారు" అంటే ఒంట్లో ఉన్నదంతా తీసేస్తారనుకుంటారు. సూది గుచ్చిన చిన్న రంధ్రంలోంచి రక్తమంతా కారిపోతుందని కూడా వాళ్ల భయం. అందుకే గీసుకున్న చోట ప్లాస్టరు అంటిస్తే ఏడుపు ఆగిపోతుంది. "చెంచాలో సగం రక్తం చాలు, ఒంట్లో మళ్లీ తయారవుతుంది" అని చెప్పండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. తాను చేసిన తప్పుకు శిక్షగా జబ్బు వచ్చిందని ఈ వయసు పిల్లలు నమ్ముతారు. "అల్లరి చేస్తే డాక్టరుతో సూది పొడిపిస్తా" అని మనమే రోజూ చెబుతూ ఉంటే నమ్మక ఏం చేస్తారు? నా దగ్గరకు వచ్చిన ఒక నాలుగేళ్ల పాప, చెయ్యి చాచమనగానే "నేను తమ్ముణ్ణి కొట్టలేదు" అని ఏడ్చింది. ఆ మాట విన్నాక ఆ తల్లి మళ్లీ పిల్లను సూదితో బెదిరించలేదు. ఈ వయసు పిల్లలకు "నీ తప్పేమీ లేదు" అని ఒకటికి పదిసార్లు చెప్పండి. బొమ్మకు కట్టు కట్టించండి, సూది లేని ఖాళీ సిరంజితో ఆడుకోనివ్వండి.

ఆరు నుంచి పన్నెండేళ్ల వరకు: వీళ్లకు కారణం కావాలి. ఒక బొమ్మ గీసి "ఇదిగో నీ ఊపిరితిత్తి, ఇక్కడ చీము చేరింది, ఈ మందు అక్కడికి వెళుతుంది" అని చెబితే శ్రద్ధగా వింటారు. ఏ చేతికి సూది వేయాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమనండి. పాఠాలు పోతాయనీ, స్నేహితులు మరచిపోతారనీ వీళ్లకు బెంగ. ఓపిక వచ్చాక కాసేపు పుస్తకం చదివించడం మంచిదే.

పన్నెండు దాటినవాళ్లు: వీళ్లకు సూది కన్నా సిగ్గు పెద్దది. పరీక్ష చేసేటప్పుడు తెర వేయాలి. వాళ్ల జబ్బు గురించి వాళ్లముందు మీలో మీరు గుసగుసలాడకుండా, వాళ్లతోనే నేరుగా మాట్లాడాలి. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతానంటే కాదనకండి.

ముందుగా ఎప్పుడు చెప్పాలి?

ఆపరేషన్ ఉందని రెండేళ్లవాడికి వారం ముందు చెబితే వారమంతా భయపడతాడు. ఆ రోజున, కాస్త ముందు చెబితే చాలు. నాలుగైదేళ్లవాడికి ఒకటి రెండు రోజుల ముందు చెప్పవచ్చు. బడి వయసు పిల్లలకు అయిదారు రోజుల ముందు చెప్పి, సందేహాలు అడగనివ్వాలి. "అసలు నొప్పే ఉండదు" అని ఎవరికీ చెప్పకండి. ఒకసారి అబద్ధం తేలితే రెండోసారి నమ్మరు. "చీమ కుట్టినట్లుంటుంది, అయిపోయేదాకా నేను పట్టుకుంటా" అనండి.

నోరులేని నొప్పి

మాటలు రాని బిడ్డ నొప్పిని నర్సులు అయిదు గుర్తులతో కొలుస్తారు. ముఖం ముడుచుకోవడం, కాళ్లు కొట్టుకోవడం, ఒళ్లు బిగదీయడం లేదా మెలికలు తిరగడం, ఏడుపు, ఎత్తుకున్నా ఊరుకోకపోవడం. ఒక్కొక్కదానికి 0 నుంచి 2 వరకు మార్కులు వేసి మొత్తం పదికి లెక్క కడతారు. ఈ పద్ధతి 1997 నుంచి ఉన్నది. మూడేళ్లు దాటినవాళ్లకు నవ్వే ముఖం మొదలు ఏడ్చే ముఖం దాకా ఉన్న బొమ్మలు చూపి "నీకెలా ఉంది?" అని అడుగుతారు. మీ బిడ్డ ఏడుపులో తేడా మీకే ముందు తెలుస్తుంది. "ఇది ఆకలి ఏడుపు కాదు" అనిపిస్తే వెంటనే నర్సుతో చెప్పండి.

ఈ వయసులన్నీ సుమారు లెక్కలే. జబ్బుపడినప్పుడు ఏ బిడ్డయినా ఒక మెట్టు కిందికి దిగుతాడు. ఆరేళ్లవాడు మూడేళ్లవాడిలా ఒళ్లో కూర్చుంటానంటే కూర్చోబెట్టుకోండి.

ఇక మీ బాబు సంగతి

అమ్మా! పక్క తడిపినందుకు తిట్టకండి, చిన్నబుచ్చకండి. మాట్లాడకుండా బట్ట మార్చండి. కొంగు పట్టుకుంటే విడిపించుకోకుండా వెంట తిప్పుకోండి. పెరట్లోకి వెళ్లినా చెప్పి వెళ్లండి, చెప్పినట్లు తిరిగి రండి. రోజుకు నాలుగుసార్లు దోబూచులాడండి. మొహం తిప్పుకున్నప్పుడు నొచ్చుకోకుండా పక్కనే కూర్చోండి. పసిపాపను కాసేపు మీ అత్తగారికి అప్పజెప్పి, రోజూ అరగంట వాడొక్కడితోనే గడపండి. ఇటువంటి మార్పులు సాధారణంగా కొద్ది వారాలలో సర్దుకుంటాయి.

అయితే మూత్రం పోసేటప్పుడు ఏడ్చినా, జ్వరం వచ్చినా, విపరీతంగా దాహం వేసి మాటిమాటికీ మూత్రానికి వెళుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి. తిండి, ఆట మానేసినా, నెల దాటినా ఇలాగే ఉన్నా కూడా పిల్లల వైద్యుణ్ణి కలవండి. దగ్గు, ఆయాసం తిరిగి వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇంట్లో పసిపాప ఉండగా మీరు రెండు చోట్లా ఉండలేకపోయారు. అందులో మీ తప్పేమీ లేదు. ఆ మాట మీ బాబుకు తెలియదు కనుక, మీరు తిరిగి వచ్చారనీ, ఇకముందు చెప్పకుండా వెళ్లరనీ వాడికి నమ్మకం కలిగించండి. ఈ ఉత్తరానికి నా జవాబు మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.