పెన్సిలు పట్టగానే చెయ్యి వణికితే...

ప్రశ్న: నా వయస్సు 54. అఫ్జల్‌గంజ్‌లో ఉంటున్నాం. మా వారికి కిరాణా టోకు దుకాణం ఉంది. పెళ్ళికి ముందు నేను డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ ప్యాసయ్యాను. డ్రాయింగ్ టీచరు కావాలని ఉండేది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, పెన్సిలు మూలబడింది. ఈ ఏడు చిన్నమ్మాయి పెళ్ళి కూడా అయిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ బొమ్మలు వేద్దామని కూర్చుంటే చెయ్యి వణుకుతోంది. గీత వంకర పోతోంది. పొద్దున్నే వాకిట్లో ముగ్గు మాత్రం ఎప్పటిలాగే వేస్తున్నాను. మా పెద్దనాన్నగారికి ముసలితనంలో వణుకుడు జబ్బు వచ్చి, చివరికి అన్నం కూడా ఎవరో ఒకరు కలిపి పెట్టవలసి వచ్చింది. నాకూ అదే మొదలయిందేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ‘నరాల బలహీనత’ అని మా మరిది టానిక్కు తెచ్చి ఇచ్చాడు. మూడు సీసాలు తాగినా గుణం కనపడలేదు. ఈ వయస్సులో బొమ్మలు మళ్ళీ వస్తాయా? ఆశ వదులుకోమంటారా?
– ఒక పాఠకురాలు, అఫ్జల్‌గంజ్

జవాబు: ఆశ వదులుకోకండి. ముందుగా ఆ టానిక్కు మానేయండి. ‘నరాల బలహీనత’ అనే జబ్బు వైద్యశాస్త్రంలో లేదు. బి-12 లాంటి విటమిను నిజంగా తక్కువైతే కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. అది రక్తపరీక్షలో తెలుస్తుంది. పరీక్ష లేకుండా సీసాలు తాగితే డబ్బు దండగ.

ఇక వణుకు సంగతి. మీరు యథాలాపంగా రాసిన ఒక మాట నాకు ముఖ్యంగా కనిపించింది. ముగ్గు ఎప్పటిలాగే వేస్తున్నానన్నారు. ముగ్గు వేసేటప్పుడు చెయ్యి భుజం దగ్గర నుంచి కదులుతుంది, వేళ్ళు వదులుగా ఉంటాయి. పైగా ముప్ఫై ఏళ్ళుగా ఒక్క రోజు కూడా ఆ పని మానలేదు. పెన్సిలు పట్టినప్పుడు మాత్రం వేళ్ళు బిగుసుకుంటాయి. ‘సరిగా వస్తుందా, రాదా’ అనే ఆందోళన తోడవుతుంది. బిగించి పట్టిన వేళ్ళతో మెల్లగా గీసే గీత ఎవరిదైనా వంకర పోతుంది. అలాగని ముగ్గు ఒక్కటే రుజువు కాదు. పెద్ద గీతల్లో చిన్న వణుకు కనపడకుండా పోవచ్చు. అందుకని మిగతా లక్షణాలు కూడా తెలుసుకోండి.

వణుకులన్నీ ఒకటి కావు

ప్రతి మనిషి చేతిలోనూ కంటికి కనపడనంత వణుకు ఉంటుంది. భయం, నిద్రలేమి, ఆకలి, అతిగా తాగే కాఫీ, టీలు దాన్ని పెంచుతాయి. ఆయాసానికి వాడే కొన్ని మందులు కూడా పెంచుతాయి. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచేస్తే చెయ్యి వణుకుతుంది, గుండె దడ వస్తుంది, మనిషి చిక్కిపోతాడు.

మరొక రకం వణుకు కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది. కప్పు ఎత్తినప్పుడు, సంతకం పెట్టినప్పుడు కనిపిస్తుంది. ఇబ్బంది పెడుతుంది కానీ ప్రాణాపాయం లేదు. మందులున్నాయి.

మీరు భయపడుతున్నది పార్కిన్సన్ జబ్బు గురించి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని వర్ణించాడు. ఇందులో వణుకు తరచుగా చెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడే ఎక్కువగా ఉంటుంది. సాధారణంగా ఒక పక్కన మొదలవుతుంది. పనులన్నీ నెమ్మదిస్తాయి. చేతిరాత రానురాను చిన్నదైపోతుంది. నడిచేటప్పుడు ఆ పక్క చెయ్యి ఊగదు. కొందరికి వాసన తెలియడం తగ్గుతుంది. చాలామందిలో ఇది వంశపారంపర్యంగా రాదు. పెద్దనాన్నగారికి వచ్చినంత మాత్రాన మీకు రావాలని లేదు.

ఒకసారి జనరల్ ఫిజీషియన్‌కు చూపించుకోండి. థైరాయిడ్, షుగరు, బి.పి. పరీక్షలు చేయించుకోండి. అక్కడికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద, చెయ్యి బల్లకు ఆనించకుండా, దోమలచుట్ట ఆకారం గీసి పట్టుకెళ్ళండి. నరాల వైద్యులు వణుకును పరీక్షించడానికి వేయించే బొమ్మ ఇదే!

పాత విద్య పోదు

1885లో జర్మనీ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని ఒక సంగతి తేల్చాడు. ఒకసారి నేర్చి పూర్తిగా మరిచిపోయామనుకున్న దాన్ని తిరిగి నేర్చుకోవడానికి మొదటిసారి కంటే తక్కువ సమయం పడుతుంది. ఆయన పరీక్షించింది కంఠస్థం చేసిన అక్షరాలతో. చేతిపనుల్లోనూ ఇదే కనిపిస్తుంది. చిన్నప్పుడు సైకిలు నేర్చినవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత ఎక్కినా, కాస్త తడబడి తొక్కుకుంటూ పోతారు. మీ చేతికి ఇప్పుడున్నది ఆ తడబాటే కావచ్చు.

మరి ఎన్నాళ్ళు పడుతుంది? లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో 96 మందిని కొత్త అలవాటు చేసుకోమని గమనించారు. సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లో అయితే, కొందరికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా నష్టం జరగలేదు. కాబట్టి చుట్టాలొచ్చి ఒక పూట కుదరకపోతే దిగులు పడకండి, మర్నాడు కూర్చోండి.

ఇలా మొదలు పెట్టండి

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఆదివారం నాడు మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ పావుగంట మేలు. ఇప్పటికే ఉన్న ఒక అలవాటుకు దీన్ని ముడిపెట్టండి. మధ్యాహ్నం గిన్నెలు సర్దుకోగానే పెన్సిలు పట్టాలి అని నియమం పెట్టుకోండి. కాఫీ తాగిన వెంటనే వద్దు.

మొదటి వారం: పాత వార్తాపత్రిక గోడకు అంటించి, నిలబడి, భుజం నుంచి చెయ్యి కదిపి పెద్ద సున్నాలు, అడ్డగీతలు, మెలికలు గీయండి. మీకు వచ్చిన ముగ్గులే పెన్సిలుతో వేయండి. గీత త్వరగా లాగండి.

రెండో వారం: వంటింట్లోని వస్తువులు. స్టీలు గ్లాసు, రోలు, ఉల్లిపాయ. 2బి పెన్సిలు చాలు. రబ్బరు దగ్గర పెట్టుకోకండి. తప్పు గీతను చెరపకుండా పక్కనే ఇంకొకటి గీయండి.

మూడో వారం: కదిలే మనుషులు. కిటికీలోంచి చూసి, ఒక్కో బొమ్మకు రెండు నిమిషాలకు మించకుండా వేయండి. పోలిక రాకపోయినా ఫరవాలేదు.

నాలుగో వారం బయటికి రండి. మీరుండే చోటికి ఎక్కడెక్కడి వాళ్ళో బొమ్మలు వేసుకోవడానికి వస్తారు. ఆదివారం ఉదయం రద్దీ లేనప్పుడు నయాపూల్ కాలిబాట మీద నిలబడితే ఒక ఒడ్డున హైకోర్టు, ఇంకొక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. 1891లో ఆసఫియా పేరుతో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మీ పేటలోనే ఉంది. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఉస్మానియా పాత భవనంలోకి 2020 వర్షాలకు నీళ్ళు రావడంతో రోగులను అక్కడి నుంచి తరలించారు. దాన్ని దూరం నుంచి వేసుకోండి, గోడల దగ్గరికి పోకండి. అయితే గుమ్మటాలతో మొదలు పెట్టవద్దు. ఆసుపత్రి ఆవరణలోని పాత చింతచెట్టుతో మొదలు పెట్టండి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. గుమ్మటానికి వంకర గీత తప్పుగా కనపడుతుంది. చెట్టుకు ఎంత వంకర పోయినా అందమే.

నెల తిరిగేదాకా ఇంట్లో ఎవరికీ చూపించకండి. నవ్వేవాళ్ళు ఉండనే ఉంటారు.

కళ్ళు, మెడ, వేళ్ళు

మీ వయస్సుకు చత్వారం ఉంటుంది. బొమ్మ వేసేవారు దూరానికీ దగ్గరకూ మార్చి మార్చి చూడాలి. కాబట్టి కళ్ళ డాక్టరుతో ఆ విషయం చెప్పి అద్దాలు రాయించుకోండి. కుడిచేతి వాటం వారికి వెలుతురు ఎడమ పక్క నుంచి పడాలి. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడండి. అట్ట ఏటవాలుగా పెట్టుకుంటే మెడ వంగదు. బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చినా, రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కినా కొన్నాళ్ళు ఆపి డాక్టరుకు చూపించండి. పెన్సిలులో ఉండేది సీసం కాదు, గ్రాఫైటు. దానివల్ల విషం ఎక్కదు. రంగుల కుంచెను మాత్రం నోట్లో పెట్టుకోకండి.

మనసుకు మందా?

కొంతవరకు అవును. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది చేత 45 నిమిషాలు బొమ్మల పని చేయించింది. సుమారు ముప్పాతిక మందిలో, ఆందోళన వేళ పెరిగే కార్టిసోల్ అనే హార్మోను తగ్గింది. బొమ్మలు వచ్చినవారికీ, బొత్తిగా రానివారికీ తేడా కనపడలేదు. 2016లో ఇది వెలువడింది. చిన్న అధ్యయనమే కనుక అతిగా నమ్మనక్కరలేదు. కానీ బొమ్మ బాగా వస్తేనే మేలు జరుగుతుందన్న అపోహ మీకు అక్కరలేదని మాత్రం చెబుతోంది. పిల్లలందరూ వెళ్ళిపోయిన ఇంట్లో దిగులు సహజమే. రెండు వారాలు దాటి దిగులు తగ్గకపోయినా, తిండి సహించకపోయినా, బతుకు మీద విరక్తి కలుగుతున్నా అది బొమ్మలతో పోదు. మనోవ్యాధుల వైద్యుణ్ణి కలవాలి. అందులో నామోషీ లేదు.

చివరగా ఒక సలహా. వేసిన ప్రతి కాగితం మీదా తేదీ వేసి దాచండి. వారానికొకసారి ఆ దోమలచుట్ట కూడా గీయండి. మూడు నెలల తర్వాత వరసగా పరిచి చూడండి. గీతలు కుదురుకుంటుంటే మీ భయం దానంతట అదే పోతుంది. అలా కాక గీతలు చిన్నవైపోతున్నా, వణుకు పెరుగుతున్నా ఆ కాగితాలన్నీ తీసుకుని నరాల వైద్యుని దగ్గరికి వెళ్ళండి. నోటితో చెప్పేదానికంటే అవి ఆయనకు ఎక్కువ ఉపయోగపడతాయి.