ట్రాలీ ముక్కు కింద రెండు ఇటుకలు, మధ్యలో మనిషి ప్రాణం

రైతు సోదరులారా, కాస్త పెద్ద పోస్టు. తిట్టుకున్నా పర్లేదు, చివరిదాకా చదవండి.

ట్రాక్టరేమో రోటావేటర్‌తో పొలంలో ఉంటుంది. ఊడదీసిన ట్రాలీ కళ్లంలో అడ్డంగా ఉంటుంది. ఇంకేముంది, ఒక కేక: "ఒరేయ్, నలుగురు రండ్రా, ఒక చెయ్యెయ్యండి!" గడ్డి మోస్తున్న కూలీ, దారిన పోయే పెద్దాయన, బడి నుంచి వచ్చిన పిల్లాడు అందరూ వచ్చి తోస్తారు. దీన్ని మనం సాయం అంటున్నాం. నేను జూదం అంటాను.

లెక్క చూడండి. ఖాళీ ట్రాలీయే చాలావరకు టన్ను పైమాట. 20 అడుగులకి 1 అడుగు పల్లం ఉందనుకోండి, కంటికి పెద్దగా ఆనదు కూడా. ఆ వాలులో టన్ను బండి 50 కిలోల బలంతో కిందికి లాగుతుంది. అందులో 4 టన్నుల ధాన్యం ఉంటే 250 కిలోలు. నలుగురిలో ఒకడి కాలు బురదలో జారిందా, ఆ భారం మిగతా ముగ్గురి మీద పడుతుంది. దొర్లడం మొదలెట్టిన బండి మనిషి మాట వినదు.

పైగా రెండు చక్రాల ట్రాలీకి ఇరుసు ఒక్కటే. ముందు బరువెక్కువైతే ముక్కు నేలకి కొడుతుంది, వెనక ఎక్కువైతే గాల్లోకి లేస్తుంది. ఎడ్లబండి తోలిన మన తాతలకి ఇది తెలుసు. ముందు మొగ్గు, వెనక మొగ్గు చూసుకునే బస్తాలు సర్దేవాళ్లు. మనమేమో ముక్కు కింద రెండు ఇటుకలు పెట్టి, ముందు వైపు బస్తాలే మొదట దించుతాం. ముక్కు లేచి దవడకి తగిలితే "వాడి టైం బాలేదు" అంటాం.

అన్నిటికంటే ఘోరం తగిలించేటప్పుడు. డ్రైవర్ రివర్స్ వస్తుంటాడు. ట్రాక్టర్‌కీ ట్రాలీకీ మధ్య ఒకడు పిన్ను పట్టుకుని "రానీ, రానీ, ఇంకొంచెం" అంటుంటాడు. క్లచ్ మీద కాలు జారితే వాడికి పక్కకి తప్పుకునే టైం కూడా ఉండదు.

బ్రిటన్‌లో జనం సెలవులకి కారు వెనక కారవాన్ తగిలించుకుపోతారు. అక్కడ 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు ఉండి తీరాలి. కారవాన్ ముక్కు కింద చిన్న చక్రం, పక్కన చేతి బ్రేకు ఉంటాయి. తొయ్యలేనివాళ్లు టైరుకి ఆనే రోలర్లు, బ్యాటరీ మోటారు పెట్టించుకుని, పక్కన నిలబడి రిమోట్‌తో కదిలిస్తారు. విహారానికి పోయే బండికి అంత జాగ్రత్త. అన్నం పెట్టే బండికి రెండు ఇటుకలా?

"అంత డబ్బెక్కడిది" అనకండి. ట్రాక్టర్‌కి సౌండ్ బాక్సులు, రంగు లైట్లు పెట్టించిన డబ్బు ఎక్కడిది? మోటారు ఎవరూ అడగట్లేదు. వెల్డింగ్ షాపులో ముక్కుకి తిప్పే జాకీ ఒకటి గట్టిగా బిగించమనండి. మెత్తటి నేలైతే దాని కింద చెక్క పలక వెయ్యండి. రెండు చక్రాలకీ ముందూ వెనకా అడ్డం పెట్టడానికి మొద్దులు ట్రాలీలోనే ఉంచండి. కొత్త ట్రాలీ చేయించేవాళ్లు జాకీ, చేతి బ్రేకు లేకుండా డబ్బు కట్టొద్దు.

లోడు ఉంటే చేత్తో తొయ్యడం అనే మాటే వద్దు. పల్లమైనా, బురదైనా పక్కవాళ్ల ట్రాక్టర్ పిలవండి, గంట కిరాయి పోతే పోయింది. ఖాళీదైతే, చదునైన గట్టి నేల మీదే తొయ్యండి. ఒకడు పక్కన మొద్దు పట్టుకుని నడవాలి. పిల్లలు దగ్గరికి రాకూడదు. తగిలించేటప్పుడు ఎత్తు జాకీతో సరిచెయ్యండి. ట్రాక్టర్ ఆగి, న్యూట్రల్ చేసి, బ్రేకు వేశాకే మనిషి మధ్యలోకి వెళ్లాలి.

"ఇన్నేళ్లూ ఏం కాలేదు కదా" అంటారు. అయినవాడు ఆ మాట చెప్పడానికి రచ్చబండ మీదికి రాడుగా.

చివరగా ఒక్క మాట. ట్రాలీ మనది, తోసేది ఎక్కువగా కూలీ. రేపటి పని పోతుందని వాడు "నా వల్ల కాదు" అనలేడు. వద్దు అనాల్సింది యజమానే. ఈసారి మీ కళ్లంలో "ఒక చెయ్యెయ్యండి" అన్న కేక వినపడితే, ముందు చక్రం కింద పెట్టే మొద్దు ఎక్కడుందని అడగండి.