భుజబలమును, వ్రాతమూలమును

చిక్కబళ్ళాపురములోనో, బాగేపల్లిలోనో, చింతామణిలోనో వేగముగా బంతి విసరు హైస్కూలు బాలుని బెంగుళూరు కళాశాలవారు రుసుము లేని సీటు ఇత్తుమని పిలిచినచో ఏ తల్లిదండ్రులు సంతసింపరు? మేమును సంతసింతుము. కాని మావంటి వర్తకులు వేరుసెనగ మూటకైనను చీటి లేక బేరము ముగింపరు. బిడ్డ చదువునకు నోటిమాట చాలునా?

భుజము ఇనుము కాదు. అనిల్ కుంబ్లే అంతటివాడును 2001లో భుజపు గాయముచే ఆస్ట్రేలియాతో టెస్టులకు దూరమయ్యెను. పిదప కోలుకొని, మొత్తము 619 టెస్టు వికెట్లు తీసెను. కోలుకొనకున్నను ఇంజనీరింగు పట్టము అతనికి అప్పటికే కలదు.

ఈ చిక్కు మనకే కాదు. అమెరికాలో బేస్‌బాల్ విసరు బాలురకై కళాశాలలు పోటీపడును. అయినను అచటి పెద్ద కళాశాలల క్రీడావేతనము 1973 మొదలు 2012 వరకు ఏటికొక్కసారి మాత్రమే ఖరారగుచుండెను. గాయపడినవానికి మరుసటి యేటి హామీ లేదు.

కావున తల్లిదండ్రులారా, మూడు సంగతులు వ్రాతమూలముగా అడుగుడు. రుసుము మినహాయింపు ఎన్ని యేండ్లు? గాయపడినచో సీటు, హాస్టలు నిలుచునా? ఆటకై పోయిన దినముల హాజరును, తప్పిన పరీక్షను ఎట్లు సరిచేయుదురు? జవాబు వ్రాసి ఇచ్చిన కళాశాలకే బిడ్డను పంపుడు. మన బాలుడు వికెట్లును తీయవలెను, పట్టమును పొందవలెను.